సార్ బాగాలేదన్న క్యాసెట్టు

కొత్త క్యాసెట్టు మీద ఉండే పల్చటి ప్లాస్టిక్ తొడుగును చింపే హక్కు ఆ రోజుల్లో ప్రొద్దుటూరు మొత్తానికీ నాదేనని అనుకునేవాణ్ణి. ఎవరూ నాకు ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. బజారుకు పోయే ఒక సందులో భాయ్ ఒకాయన రికార్డింగు సెంటరు నడిపేవాడు. మద్రాసు నుంచి పార్శిల్ వచ్చినా నేను వచ్చేదాకా విప్పేవాడు కాదు. నేను సాయంత్రం బస్సు దిగి, ఖాళీ టిఫిను డబ్బా చేతిలో ఉండగానే అక్కడికి పోయి, బల్ల మీద కూర్చుని, ఆ తొడుగును గోటితో గీరి, గోటికి లొంగకపోతే పంటితో చింపి, క్యాసెట్టును ఒకసారి వాసన చూసి ఆయన చేతికిచ్చేవాణ్ణి. ఆయన దాన్ని టేపులో వేసి, అంగడి బయట వేలాడే స్పీకరుకు కలిపేవాడు. దారిన పోయేవాళ్ళు పది పదిహేను మంది నిలబడేవాళ్ళు. రెండు వైపులూ అయిపోయాక అందరూ నా మొహం చూసేవాళ్ళు.

“ఏం సార్, ఎట్లుండాది?”

నేను బాగుందంటే భాయ్ ఆ రోజే ఎక్కువ కాపీలకు చెప్పి పంపేవాడు. బాగాలేదంటే ఆ క్యాసెట్టు వెనక అరలోకి పోయేది. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. హార్మోనియం మీద వేలు పెడితే పిల్లి తోక తొక్కినట్టుండేది. చెవులు మాత్రం దేవుడు శ్రద్ధగా చేసి ఇచ్చాడని నాకు గట్టి నమ్మకం.

నాకొక జబ్బు ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఫలానా క్యాసెట్టు వస్తోందని రెండు నెలల ముందు పత్రికలో చదివితే చాలు, ఆ పాటలు నా తలలో మోగడం మొదలయ్యేవి. రాని పాటలకు నేనే రాగాలు కట్టుకుని, అవి ఎంత గొప్పగా ఉంటాయో అందరికీ చెప్పి ఊరించేవాణ్ణి. తీరా క్యాసెట్టు వచ్చిన రోజు పూనకం వచ్చినట్టు పొగిడేవాణ్ణి. వారం తిరిగేసరికి రెండు పాటలు నచ్చకుండా పోయేవి. మూడో వారానికి, “ఏముందప్పా దీంట్లో, వాయిద్యాల గోల తప్ప” అనేవాణ్ణి. కొన్ని క్యాసెట్లకు ఇది తలకిందులుగా జరిగేది. మొదటి రోజు మొహం చిట్లించుకున్నది నెల తర్వాత దిండు కింద ఉండేది.

భాయ్ అంగట్లో బల్ల మీద కూర్చునేవాళ్ళకు ఇది పెద్ద తమాషా. “సార్ మల్లా పార్టీ మార్చినాడప్పా” అని నవ్వేవాళ్ళు. ఆ మాటకు నవ్వు వచ్చే చోటు మా జిల్లాలో ఆ అంగడి ఒక్కటే అయి ఉంటుంది. బయట ఎక్కడన్నా ఆ మాట అంటే గొడ్డళ్ళు లేచేవి.

నేను బడిపంతులుగా పనిచేసిన ఊరు జమ్మలమడుగు దాటి ముద్దనూరుకు పోయే రోడ్డు పక్కన. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ఊళ్ళో పైవీధి, కిందివీధి అని రెండు వీధులు. పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకో పార్టీ. మా వైపు పార్టీ అంటే జెండా ఒక్కటే కాదు, పిల్లనిచ్చేది, నీళ్ళు పట్టుకునేది, చావుకు పోయేది అన్నీ దాన్ని బట్టే. కాబట్టి ఆ ఊళ్ళో రెండు బోరింగులు, రెండు టీ అంగళ్ళు, రెండు బియ్యం మిషన్లు. బడి మాత్రం ఒక్కటే, సరిగ్గా మధ్యలో. నేను సోమవారం పైవీధిలో టీ తాగితే మంగళవారం కిందివీధిలో తాగేవాణ్ణి. శనివారం కూడా బడి ఉండటం వల్ల మూడు మూడు సరిపోయేవి. వాన గురించి అడిగినా, చెనక్కాయల ధర గురించి అడిగినా “చూద్దాం లేప్పా” అనేవాణ్ణి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పొద్దస్తమానం అభిప్రాయం అనేది లేకుండా బతికినందుకు, కడుపులో కూరుకుపోయిన అభిప్రాయాలన్నీ సాయంత్రం భాయ్ అంగట్లో పాటల మీద పడేవి. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఎన్నికలు దగ్గరపడుతున్న కాలంలో జమ్మలమడుగులో మా తోటి టీచరు పెండ్లికి పోయాను. మైకుసెట్టు పులివెందుల నుంచి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల బంతిలో ఉండగా టేపు నలిగి చుట్టుకుపోయి పాట ఆగిపోయింది. మైకుసెట్టాయన ఆ రీలును పెన్సిలుతో తిప్పుకుంటూ, పెండ్లింట్లో మైకు మూగబోతే బాగుండదని కాబోలు, తానే పాట ఎత్తుకున్నాడు. గొర్రెల్ని కొండ మీద నుంచి పిలిచేవాళ్ళ గొంతు అది. పైకి లేచినప్పుడు కొంచెం పగిలేది, ఆ పగులులోంచే పాట వచ్చేది. ఓళిగ సగం తిని విస్తరి మడిచి లేచిపోయాను. చెయ్యి కడుక్కోకుండానే ఆయన దగ్గర నిలబడ్డాను.

ఆయనది చక్రాయపేట వైపు గొర్రెలు మేపుకునే కుటుంబం. తండ్రి, అన్న ఇంకా మంద వెంటే ఉన్నారట. ఈయన పులివెందులకు వచ్చి, ఒక యాంప్లిఫయరు, నాలుగు హారన్లు పెట్టుకుని పెండ్లిళ్ళకు, జాతరలకు, మీటింగులకు తిరుగుతున్నాడు. పాటలు సొంతంగా కడతాడు. “నువ్వు క్యాసెట్టు చెయ్యల్లప్పా” అన్నాను.

“నా పాట ఎవురింటారు సార్? పెండ్లిలో అన్నం తినేటోళ్ళకు పాడేటోన్ని” అన్నాడు నవ్వి.

నేను వదలలేదు. వారం వారం పులివెందులకు కార్డు రాశాను. భాయ్‌ని ఒప్పించాను. ఇలాంటి గొంతు మద్రాసు మొత్తం జల్లెడ పట్టినా దొరకదని చెప్పాను. ప్రొద్దుటూరులోనే ఒక గదికి గోనెసంచులు వేలాడదీసి రికార్డింగు పెట్టించాం. ఎనిమిది పాటలు. సినిమాతో పనిలేని, మనవాడు మనకోసం చేసిన ప్రైవేటు క్యాసెట్టు. పాటలు పల్లెటూరి పాటల్లాగా ఉంటే కుర్రకారు కొనరని, కీబోర్డు, దాంతోపాటు టకటకమని కొట్టే తాళం పెట్టమని సలహా ఇచ్చాను.

ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ భాయ్ అంగడి ముందు పలక మీద సుద్దముక్కతో ‘వస్తోంది’ అని ఉండేది. రోజూ సాయంత్రం ఒక పాట మొదలు అర నిమిషం మాత్రం వేసి, జనం తల ఎత్తగానే టక్కున ఆపేసేవాడు. “ఏం భాయ్, పూర్తిగా వెయ్యరాదా?” అంటే, “సబర్ కరో అప్పా, ఓపిక పట్టు” అనేవాడు. ఆ అర నిమిషానికి నేను మిగతా నాలుగు నిమిషాలు నా తలలో కట్టుకునేవాణ్ణి. రోజుకొక రకంగా కట్టుకునేవాణ్ణి.

విడుదల రోజు మైకుసెట్టాయన కొత్త తెల్లచొక్కా వేసుకుని వచ్చి అంగడి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సందు నిండా జనం. తొడుగు నేనే చింపాను. మొదటి పాట మొదలైంది. టక టక టక టక. ఆ తాళం కింద ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఎకో పెట్టారు. పగిలే చోట కీబోర్డుతో పూడ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా నేను విన్న క్యాసెట్టు వేరు, అక్కడ మోగుతున్నది వేరు. రెండో పాటా అంతే. మొదటి వైపు అయ్యేసరికి ఎవరో నన్ను నమ్మించి మోసం చేసినట్టు అనిపించింది. రెండో వైపు మోగుతుండగానే పక్కవాళ్ళతో గొణగడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను ఎన్నడూ తప్పని నియమం అది, రెండు వైపులూ వినందే నోరు విప్పకపోవడం.

“ఏం సార్?” అన్నాడు భాయ్, పాటలింకా అవుతుండగానే.

“బాగాలేదు భాయ్. ఇంత ఊరించి ఇదా? ఆ గొంతునంతా గంగలో కలిపినారు. ఇది ఆడదు.”

జనం నవ్వారు. ఒకరిద్దరు నన్ను చూసి తలలూపారు. మైకుసెట్టాయన స్తంభాన్ని వదిలి ముందుకొచ్చాడు.

“సరే సార్. నువ్వు చెప్పినావంటే ఉంటాది ఏదో” అని, పులివెందుల బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు. కీబోర్డు పెట్టమన్నది నేనేనని ఆయన అక్కడ అనవచ్చు. అనలేదు. నాకైతే ఆ సంగతి ఆ సాయంత్రం గుర్తుకు కూడా రాలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారి ఎక్కడ పడిందో వారం తర్వాత తెలిసింది. ఆ వారంలోనే మైకుసెట్టాయన పులివెందులలో ఒక పార్టీ మీటింగుకు మైకు పెట్టాడు. ఆయనకు అది పని, ఇంకో వారం రెండో పార్టీకీ పెట్టేవాడు. కానీ ఆ పార్టీ మా ఊరి కిందివీధి పార్టీ. ఆ కబురు, నా కబురు జమ్మలమడుగు బస్టాండులో కలుసుకున్నాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఊరికి చేరేసరికి అది వేరే కథ అయింది.

సోమవారం పైవీధిలో టీ తాగుతుంటే ఆ వీధి పెద్దాయన తన అరుగు మీదికి పిలిచాడు. తెల్లని మీసాలు, భుజం మీద తువ్వాలు, చుట్టూ ఎప్పుడూ నలుగురు.

“బాగా చెప్పినావు సార్. ఆ పార్టీ పాట బాలేదని ప్రొద్దుటూరు నడిబజార్లో చెప్పినావంట. సార్ మనోడేరా!” అన్నాడు.

“అట్లేం ల్యా పెద్దాయనా, నేను పాట గురించి...” అంటుంటే, ఆయన చెయ్యెత్తి ఆపి, “తెలుసు లే, సర్కారు ఉద్యోగం, నువ్వట్లనే చెప్పల్ల” అని కన్ను గీటాడు. మరుసటి రోజు కిందివీధిలో టీ అడిగితే మాట్లాడకుండా గ్లాసు ముందు పెట్టారు. దాంట్లో చక్కెర లేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. కిందివీధివాళ్ళు ఇంటికొకటి చొప్పున ఆ క్యాసెట్టు తెచ్చుకుని, టేపులు గడపల్లో పెట్టి, మోత పైవీధికి వినబడేలా వెయ్యడం మొదలుపెట్టారు. పైవీధివాళ్ళు ఆ పాట వినపడితే చాలు, తలుపులు వేసుకునేవాళ్ళు. రెండు వీధుల్లోనూ పాటను విన్నవాడు లేడు.

విన్నది నేను. కోరి వినలేదు. ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సు డ్రైవరుకు ఆ క్యాసెట్టు ఎవరో ఇచ్చారు. ఆయనకు ఏ పార్టీ లేదు, వేరే క్యాసెట్టు కూడా లేదు. మొదటి వారం పళ్ళు నూరుకుంటూ విన్నాను. ఆ టకటక వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. రెండో వారం ఒక సాయంత్రం, జమ్మలమడుగు దగ్గర పెన్నా వంతెన మీద బస్సు ఆగినప్పుడు, రెండో వైపు మూడో పాట వచ్చింది. దాంట్లో కీబోర్డు లేదు. తర్వాత భాయ్ చెప్పాడు, ఆ రోజు కీబోర్డు అబ్బాయి ఏదో పెండ్లికి పోయాడట, అందుకని చెక్కభజన చెక్కలతోనే పాడించేశారట. సాయంత్రం మందను తోలుకొస్తూ లెక్కపెట్టుకుంటే ఒక పొట్టేలు తక్కువైన మనిషి పాట. దాన్ని వెతుకుతూ పిలుస్తాడు. మొదట తిడతాడు, తర్వాత తమ్ముడా అంటాడు, తర్వాత అల్లుడా అంటాడు, కడకు నాయనా అంటాడు. ఆ ‘నాయనా’ దగ్గర గొంతు పగిలింది. జమ్మలమడుగు పెండ్లిలో ఓళిగ మీద నుంచి నన్ను లేపిన పగులు అదే.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో తిరిగాయి, సిగ్గుతో కూడా. ఈ పాట విడుదల రోజు నా చెవుల ముందే మోగింది. అప్పుడు నేను పక్కవాడితో దీన్నే తిడుతున్నాను.

మూడో వారానికి రెండో వైపు నాలుగు పాటలూ నాకు నోటికి వచ్చేశాయి. మొదటి వైపులో కూడా ఒక మూడు, ఆ తాళాన్ని ఓర్చుకుంటే, కింద బంగారంలాంటి పాటలని తెలిసింది. మొట్టమొదటి పాట మాత్రం ఎన్నిసార్లు విన్నా బాగాలేదు. ఆ మాట భాయ్‌తో చెప్పాను. బల్ల మీదివాళ్ళు ఎప్పటిలాగే “సార్ పార్టీ మార్చినాడు” అని నవ్వారు. భాయ్ నవ్వలేదు.

“ఈడ మారిస్తే ఏమొస్తాది సార్? నువ్వు పెట్టిన మంట ఈడ లేదు. ఆయప్ప దగ్గరికి పోయిరా ఒక్కతూరి” అన్నాడు.

ఆదివారం పులివెందులకు పోయాను. ఆయన ఇంటి ముందు హారన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి, టార్పాలిన్ కప్పి ఉన్నాయి. నన్ను చూసి గబగబా మంచం వాల్చాడు. కోపం ఉంటుందని పోయాను, లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

“మీ ఊరి దేవర జాతరకు ఈతూరి పైవీధోళ్ళు నన్నొద్దనిరి సార్” అన్నాడు. “బడికి సెలవు కాబట్టి నువ్వెప్పుడూ చూసిండవు, పదేండ్లుగా నేనే పెడతాండా. మొదటి దినం పైవీధి దేవర, రెండో దినం కిందివీధి దేవర. స్తంభం మార్చకుండా అదే మైకు. ఇప్పుడు పైవీధోళ్ళు ప్రొద్దుటూరు నుంచి పెద్ద సెట్టు తెప్పిస్తారంట. కిందివీధోళ్ళు నన్ను రమ్మంటాండారు. నేను రానంటి.”

“ఎందుకప్పా?”

“ఒక ఊర్లో ఎదురెదురుగా రెండు మైకులు పెడితే ఏమైతాదో నీకు తెలీదా సార్? వాళ్ళు ఇంత సౌండు పెడితే వీళ్ళు అంత పెడతారు. తర్వాత సౌండుతో ఆగదు.” టార్పాలిన్ సర్దుతూ, “పాడేది కూడా సాలించినా సార్. నా నోరు ఇప్పుడొక పార్టీ అయిపోయింది” అన్నాడు.

దేవరకు ఇంకా పది రోజులుంది. బస్సులో తిరిగి వస్తూ లెక్క వేసుకున్నాను. ఆ మనిషిని ఒక వీధికి కట్టేసింది నా మాట. దాన్ని విప్పాలంటే కట్టిన చోటే విప్పాలి, పైవీధి అరుగు మీద. అక్కడ మాట మార్చడమంటే బల్ల మీద నవ్వించినట్టు కాదు. మాట తప్పినవాడు అన్న పేరు వస్తే ఆ ఊళ్ళో పిల్లలకు ఎక్కాలు చెప్పడం కూడా కష్టం. రెండు రోజులు కడుపునొప్పి అని సెలవు పెట్టాను.

మూడో రోజు టేపురికార్డరు సంచిలో వేసుకుని పోయి, బడి వదిలాక పెద్దాయన అరుగు ఎక్కాను. చుట్టూ నలుగురు ఉన్నారు. ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

“పెద్దాయనా, ఆ క్యాసెట్టు బాలేదని నేను తప్పు చెప్పినా. బాగుండాది. దేవరకు ఆయప్పనే పిలిపించండి.”

పెద్దాయన నోట్లో ఆకు నమలడం ఆపాడు.

“పార్టీ మారినావా సార్?”

“పాట గురించి చెప్తాండా పెద్దాయనా. నాకు మొదట్నించీ ఇదే జబ్బు. మొదటి దినం ఒకటి చెప్తా, మూడో వారం ఇంకోటి చెప్తా. ప్రొద్దుటూర్లో ఎవర్నన్నా అడగండి.”

“మాట మార్చేటోన్ని మా ఊర్లో ఏమంటారో తెలుసునా?”

“తెలుసు. అయినా మారుస్తాండా.” సంచిలోంచి టేపు తీశాను. “మీరు ఒక్క పాట వినండి. బాలేదంటే నేను మల్లా ఈ అరుగు ఎక్కను.”

ఆయన వద్దనలేదు. నేను అరుగు చివర టేపు పెట్టి పొట్టేలు పాట వేశాను. మొదట తిట్టినప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు. అల్లుడా అన్నప్పుడు పెద్దాయన కూడా నవ్వాడు. నాయనా దగ్గరికి వచ్చేసరికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట కావచ్చు, ఎండ అలాంటిది.

“ఇంకోతూరి తిప్పు” అన్నాడు. తిప్పాను. అయిపోయాక వీధి చివరకు చూశాడు.

“ఇంతకూ పొట్టేలు దొరికినట్టా, దొరకనట్టా?” అన్నాడు.

“పాటలో చెప్పలేదు పెద్దాయనా.”

“చెప్పకుంటే ఎట్ల? అంతసేపు పిలిపిచ్చి గమ్మునైపోతాడా?” నిజంగానే కోపం వచ్చింది ఆయనకు. పక్కవాళ్ళ వైపు తిరిగి, “రేయ్, ఆయప్పను పిలిపీండి. దేవరకు మైకు పెట్టి, ఈ సంగతేందో ఈడనే చెప్పి పోమనండి” అన్నాడు. అంతకంటే మర్యాదగా మాట మార్చుకున్న మనిషిని నేను చూడలేదు. అది గమనించినట్టు అరుగు మీద ఎవరూ కనబడలేదు, నేను కూడా గమనించనట్టే ఉన్నాను.

దేవర నాడు పొద్దున్నే మైకుసెట్టాయన వచ్చాడు. బడి ముందు స్తంభానికి ఎప్పటిలాగే రెండు హారన్లు పైవీధికి, రెండు కిందివీధికి తిప్పి కట్టాడు. పెద్దాయన తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, నిలబడి, అడగనే అడిగాడు.

“దొరికింది పెద్దాయనా. రెండో క్యాసెట్టులో పాడతా” అన్నాడు ఆయన. పెద్దాయన తల ఊపి, తృప్తిగా వెళ్ళిపోయాడు.

తాడు ముడి వెయ్యడానికి నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆయన పై నుంచే, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

“నువ్వు బాలేదన్న దినం శానా బాధైంది సార్. బస్సులో ఏడ్చినా. కానీ ఈ నెల రోజుల్లో బాగుందన్నోళ్ళు పార్టీ చూసి బాగుందనిరి, బాలేదన్నోళ్ళు పార్టీ చూసి బాలేదనిరి. పాట చూసి తిట్టినోడివి నువ్వొక్కడివే.”

నేను నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాను. ఎనిమిది పాటల్లో ఏడు బాగున్నాయని చెప్పాను.

“ఎనిమిదోది?”

“బాగాలేదప్పా. ఎన్నితూర్లు విన్నా బాగాలేదు.”

ఆయన పైన ఉండి పెద్దగా నవ్వాడు. నిచ్చెన ఊగింది.

పొద్దు వాలుతుండగా బోనాలు బయలుదేరే ముందు, రెండు వీధుల జనమూ ఎవరి అరుగుల మీద వాళ్ళు కూర్చున్నారు. ఆయన టేపు ఆపి మైకు చేతిలోకి తీసుకున్నాడు. “ఇప్పుడు పాడేది మన సార్‌కు నచ్చని పాట” అన్నాడు. నాలుగు హారన్లలో ఆ మాట ఊరంతా వినబడింది. పైవీధిలో నవ్వారు. కిందివీధిలో కూడా నవ్వారు. కీబోర్డు లేకుండా, టకటక లేకుండా మొదటి నుంచి చివరిదాకా పాడాడు. అయిపోయాక జనం మధ్యలో నన్ను వెతికి, ఏమంటావన్నట్టు గడ్డం ఎగరేశాడు. నేను రెండు వీధులవాళ్ళూ చూస్తుండగా తల అడ్డంగా ఊపాను. ఆయన సరేనని ఇంకో పాట ఎత్తుకున్నాడు.